కట్టుపాట

మా పోల్‌వార్న్ రేవులో పడవలు లెక్కపెట్టడం ఆడవాళ్ళ పని. ముందు మా అత్త లెక్కపెట్టేది. ఆవిడకి చూపు మందగించాక నేను అందుకున్నాను. అదేమీ పెద్ద విద్య కాదు. పొద్దున పోయేవి ఏడు పడవలు, సాయంత్రం రావలసినవి ఏడు. పడవ మోకు గట్టు మీది ఇనుపగుంజకి పడితేనే ఆ పడవ వచ్చినట్టు. రేవులోకి దారి తీసే మొగలో కనిపించినా రానట్టే, నాలుగు బారల దూరంలో నిలబడి చెయ్యూపినా రానట్టే. ఏడో మోకు పడ్డాక నేను గోడెక్కి తెల్ల తువ్వాలు పైకెత్తాలి. అప్పుడు మగవాళ్ళు కట్టుపాట పాడతారు.

కట్టుపాటలో గొప్ప కవిత్వమేమీ లేదు. ముందు పాడేవాడు "ఎన్ని పోయాయి?" అని అడుగుతాడు. మిగతావాళ్ళు "ఏడు పోయాయి" అంటారు. "ఎన్ని వచ్చాయి?" "ఏడూ వచ్చాయి." ఆ తరవాత గాలికొక చరణం, పోటుకొక చరణం, పెళ్ళాల నోళ్ళకొక చరణం. ఒక్క పడవ బయటున్నా ఆ పాట ఎవరి నోటా రాకూడదు. మా ఆయన హెడ్లీ పెళ్ళైన కొత్తలో స్నానం చేస్తూ కూనిరాగం తీశాడని మా అత్త తలుపు విరిగేలా బాదింది.

నేను చెప్పేది తొంభై అయిదు వేసవి సంగతి. దానికి రెండేళ్ళ ముందు బుట్టలు లాగే యంత్రంలో ఇరుక్కుని హెడ్లీ మోకాలు నుజ్జయింది. ఇక సముద్రం మీదికి పోలేడని డాక్టర్లు తేల్చేశారు. మా నీలం పడవని మా అమ్మాయి కెర్రా తీసుకుంది. అప్పుడు దానికి ఇరవై రెండేళ్ళు. ఒక్కతీ పోయి పీతల బుట్టలు వేసి ఒక్కతీ లాక్కొచ్చేది. నాన్న చెయ్యీ నాన్న మొండితనమూ రెండూ వచ్చాయి దానికి. నాకు మాత్రం పుట్టి పెరిగింది ఆ ఒడ్డునే అయినా సముద్రమంటే భయం. హెడ్లీ పోతున్న రోజుల్లో ఒక పాలు ఉండేది, కెర్రా పోవడం మొదలెట్టాక పది పాళ్ళయింది. రోజూ సాయంత్రం నీలం పడవ మోకు గుంజకి పడేదాకా నాకు గుక్కెడు టీ దిగేది కాదు. అలాంటిదాన్ని నేనే ఆ పని చేశానంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

కాలు పోయినా హెడ్లీకి గొంతు మిగిలింది. శుక్రవారం సాయంత్రాలు గట్టు మీద మరో ఎనిమిది మందిని వెనక నిలబెట్టుకుని మోకులు లాగుతూ పాడే పాత లాగుడు పాటలు పాడేవాడు. ఎవరో వాటిని క్యాసెట్టు చేశారు. ఆ వేసవికల్లా మా తీరం పొడుగునా ఐస్‌క్రీం బళ్ళ దగ్గరా, సారాకొట్లలోనూ, జనాన్ని తిప్పే షికారు పడవల్లోనూ మా ఆయన గొంతే. ఊళ్ళ మీంచి వచ్చే జనం పుర్రెబొమ్మ టోపీలు పెట్టుకుని, పిల్లల కళ్ళకి నల్లగుడ్డలు కట్టి, అట్టకత్తులు పట్టుకుని దిగేవాళ్ళు. పల్లవులు మాకన్నా వాళ్ళకే బాగా వచ్చు. నా వంటింటి కిటికీలోంచి పీతముక్కల రొట్టెలు కొనుక్కుంటూ, మీ తాతలు నిజంగా సముద్రపు దొంగలేనా అని అడిగేవాళ్ళు. మా తాత చేపలు ఉప్పులో ఊరేసేవాడు, ఆ వాసనకి దొంగలు కూడా ఇటు రాలేదు అని హెడ్లీ జవాబిచ్చేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు గానీ నమ్మేవాళ్ళు కాదు.

ఆగస్టులో లండన్ నుంచి టీవీ వాళ్ళు వచ్చారు. వాళ్ళ పెద్ద ఫిలిపా అనే ఆవిడ. చెడ్డమనిషి కాదు, మాట మెత్తన. వచ్చిన రోజే సారాకొట్టులో అందరినీ కూచోబెట్టి మాంసం వడ్డించమంది. అది ఏ జంతువు మాంసమో పేరు పెట్టి చెప్పగానే మా మరిది క్లెమో ప్లేటు వదిలేసి లేచిపోయాడు. ఆ పొడుగు చెవుల జంతువు పేరు పడవ మీద పోయేవాడి ముందు ఎత్తకూడదు. ఎందుకని అడిగితే మాకూ తెలియదు. మర్నాడు క్లెమో సముద్రం మీదికి పోలేదు. ఎర్ర తలగుడ్డలు పంచిపెట్టినప్పుడు కూడా వాడొక్కడే కట్టుకోలేదు. "నేను సముద్రపు దొంగనైతే ముందు మీ కెమెరా ఎత్తుకుపోతాను" అన్నాడు.

ఫిలిపాకి కావలసింది కట్టుపాట. క్యాసెట్టులో అది లేనే లేదనుకుని వచ్చింది. తీరా చూస్తే ఉంది, చిట్టచివర్న. అంతకు ముందు చలికాలంలో, ఏడు పడవలూ ఒడ్డున కట్టేసి ఉండగా పాడింది. దాన్ని మళ్ళీ గట్టు మీద, జనం మధ్య, వాలుపొద్దు వెలుగులో తీయాలని ఆవిడ పట్టు. హెడ్లీ మామూలుగానే చెప్పాడు. ఏడో మోకు పడ్డాక మా ఆవిడ తువ్వాలెత్తుతుంది, అప్పుడు పాడతాం, అప్పుడు తీసుకోండి అన్నాడు. ఆవిడ సరేనంది. దానికేం కష్టం ఉంది, రోజూ జరిగేదే కదా అనుకున్నాం.

ఆ శుక్రవారం బాగా ఎండ కాసింది. అయిదింటికల్లా ఆరు పడవలు వచ్చేశాయి. గట్టు నిండా జనం, మూడొందలకి తక్కువుండరు. మైకు పెట్టారు. హెడ్లీ ఆ నెలంతా రోజూ గడ్డం గీసుకున్నాడు. రెండేళ్ళపాటు శుక్రవారాలు తప్ప మిగతా రోజులన్నీ కుర్చీ మీద కాలు చాపుకుని గోడకేసి చూస్తూ గడిపిన మనిషి, ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆరు దాటింది. ఆరున్నరైంది. కెర్రా రాలేదు.

ఫిలిపా నా దగ్గరికి వచ్చి, ఇంకో పది నిమిషాల్లో పొద్దు కొండ చాటుకి పోతుందనీ, తాము ఆ రాత్రికే తిరిగి వెళ్ళిపోవాలనీ మెల్లిగా చెప్పింది. నన్నేమీ అడగలేదు, చెప్పి వెళ్ళిపోయిందంతే. అప్పుడు హెడ్లీ నాకేసి చూశాడు. అతనూ నోరు తెరిచి అడగలేదు. ఆ మొహంలో ఆశ చూసి ఎన్నాళ్ళయిందో. నేను సముద్రంకేసి తిరిగాను. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము అవతల నీలంగా ఒక చుక్క కనిపించింది.

అది మన పడవే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. పావుగంటలో మోకు వేస్తుంది, ఈ పావుగంటకి ఏం మునిగిపోతుంది, అది వచ్చేసరికి పాట చివరి చరణంలో ఉంటుంది, ఎవరికీ తెలియదు కూడా. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చెయ్యి దానంతటదే లేచిందని చాలాకాలం చెప్పుకున్నాను. అదేం కాదు. నేనే ఎత్తాను.

"ఎన్ని పోయాయి?" అని హెడ్లీ ఎత్తుకున్నాడు. గట్టు గట్టంతా "ఏడు పోయాయి" అంది. "ఎన్ని వచ్చాయి?" అనేసరికి మూడొందల గొంతులు "ఏడూ వచ్చాయి" అని అరిచాయి. నా కాళ్ళ కింద రాయి అదిరింది. నేను చుక్క కోసం వెతుక్కున్నాను. చుక్క లేదు. కొండకొమ్మూ లేదు. ఆ చోట తెల్లగా గోడ కట్టినట్టు మంచు లేచి ఉంది. ఎండ కాసిన రోజుల్లో సముద్రం మీంచి అలాగే వస్తుంది, వంట మీంచి కన్ను తిప్పి చూసేలోపల రేవు మొగ మింగేస్తుంది. ఆ నీలం చుక్క ఎవరిదో, ఎటు పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగలేదు. ఫిలిపా కళ్ళు తుడుచుకుంటోంది. హెడ్లీ జనానికి దణ్ణంపెట్టి గుంజలకేసి తిరిగాడు. పడవ మీద పోయినన్నాళ్ళూ ఉన్న అలవాటు, పాటయ్యాక తనూ ఒకసారి లెక్క చూసుకోవడం. పెదాలు కదలడం నాకు కనిపించింది. రెండోసారి మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. అప్పుడు కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"థిర్జా, కెర్రా ఏదీ?"

"వస్తోంది."

"మోకు పడిందా?"

"కనిపించింది. కొమ్ము దగ్గర."

"కనిపించిందా అని కాదు నేనడిగింది."

అతను తెల్ల చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు, ఊపిరాడనట్టు.

క్లెమో గట్టు చివరున్న ఎర్ర ఫోను గూటిలోకి పరిగెత్తి పక్క రేవులోని రక్షణ పడవకి చెప్పాడు. బయల్దేరుతున్నాం గానీ ఈ మంచులో నలభై నిమిషాలు పడుతుందన్నారట. కెర్రా చేతిరేడియోలో గరగర తప్ప మరేం లేదు. మా రేవుకి తూర్పున నీళ్ళలో రాళ్ళు వరసగా ఉంటాయి, మేం దువ్వెన అంటాం. పోటు దిగుతున్నప్పుడు నీళ్ళు అటే లాగుతాయి. అప్పుడు పోటు దిగుతోంది. ఇవన్నీ ఎవరూ పైకి అనలేదు. అందరం దువ్వెన ఉన్నవైపే చూస్తున్నాం, కనిపించేదేమీ లేకపోయినా. నా ఒళ్ళు చల్లబడిపోయింది. ఆగస్టు నెల అది, చుట్టూ జనం చొక్కాలు విప్పి తిరుగుతున్నారు, నాకు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

ఎవరో కారు హారను మోగిద్దామన్నారు. హెడ్లీ వద్దన్నాడు.

"బయట షికారు పడవలన్నీ హారన్లు మోగిస్తున్నాయి, వినండి. ఏది ఎక్కడో దానికెలా తెలుస్తుంది? నా గొంతైతే తెలుస్తుంది."

మా తాతల కాలంలో అలాగే చేసేవాళ్ళు. మంచు పడితే ఒడ్డున ఉన్నవాడు లాగుడు పాట ప్రశ్న పాడి ఆగుతాడు. పడవలో ఉన్నవాడు జవాబు పాడతాడు. ఆ జవాబు ఎటునుంచి వచ్చిందో విని మళ్ళీ పాడతాడు. హెడ్లీ మైకు పక్కకి తోసేసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పాడాడు.

"నీళ్ళ మీద ఎవరది?"

మూడొందల మంది ఒక్కసారిగా "మేమే, మేమే, లాగు మోకు" అన్నారు.

వాళ్ళ తప్పేముంది. క్యాసెట్టు అరిగేలా విన్నారు, ఎక్కడ ఏం అనాలో పిల్లలకి కూడా తెలుసు. హెడ్లీ చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు. మళ్ళీ పాడాడు, మళ్ళీ ఇంకా గట్టిగా జవాబిచ్చారు. నల్లగుడ్డ కంటికి కట్టుకున్న ఒక పిల్లాడు తండ్రి భుజాల మీదెక్కి అట్టకత్తి తిప్పుతున్నాడు. మంచు గట్టు మీదికి వచ్చేస్తుంటే అబ్బ, ఎంత బావుందో అనుకుంటున్నారు. అవతల కెర్రా జవాబు పాడినా మాకు వినపడే దారి లేదు. హెడ్లీ తన పాటే తన పీక పట్టుకున్నట్టు నిలబడ్డాడు.

క్లెమో నా చెవి దగ్గరికి వచ్చి, ఎవరైనా వీళ్ళకి చెప్పాలి వదినా అన్నాడు. ఏం చెప్పాలో వాడికి తెలియదు. నాకు తెలుసు. ఒక పడవ ఇంకా రాలేదండీ అంటే, మరి ఏడూ వచ్చాయన్నారుగా అంటారు.

నేను గోడ మీదికే ఎక్కి మైకు ఇమ్మన్నాను. అది పళ్ళకి తగిలి ఠంగుమంది. కొందరు నవ్వారు.

"ఏడు రాలేదు," అన్నాను. "ఆరే వచ్చాయి. తువ్వాలెత్తింది నేను. నేను అబద్ధం చెప్పాను. ఏడో పడవలో మా అమ్మాయి ఉంది, ఒక్కతే ఉంది. మీరు జవాబిస్తుంటే దాని జవాబు మాకు వినపడటం లేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, మాట్లాడకండి."

ఇంకా ఎక్కడో ఒకడు నవ్వాడు. పుర్రెటోపీ పెట్టుకున్న లావుపాటాయన. నా మొహం చూసి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పక్కవాడూ తీశాడు. పిల్లాణ్ణి భుజాల మీంచి దింపి నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. అంతమంది ఊపిరి బిగబట్టి నిలబడితే, గట్టు కింద నీళ్ళు రాళ్ళని నాకడం వినిపించింది. మా ఊరివాళ్ళందరూ నాకేసి చూసి చూపు తిప్పుకున్నారు. ఆ సిగ్గు ఆ తరవాత వచ్చింది. అప్పుడు నాకు భయం తప్ప మరేం లేదు.

"నీళ్ళ మీద ఎవరది?"

జవాబు పట్టేంతసేపు ఆగాడు. ఏం లేదు. మళ్ళీ పాడాడు. మళ్ళీ ఆగాడు. అయిదోసారికి గొంతు జీరపోయింది. ఎనిమిదోసారి మధ్యలో దగ్గొచ్చింది. నువ్వు పాడు అని క్లెమోకేసి చెయ్యి చూపించి, వాడు నోరు తెరిచేలోపల మళ్ళీ తనే ఎత్తుకున్నాడు. నేను దేవుడికి మొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని మొక్కను?

పదకొండో పన్నెండో అయ్యుంటుంది. తూర్పునుంచి, రాకూడని వైపునుంచి, సన్నగా, తాళం తప్పి వచ్చింది.

"నేనే... నేనే... లాగు మోకు."

జనంలో ఒకావిడ ఏడ్చింది, ఎవరో ఆవిడ నోరు మూశారు. హెడ్లీ ఆగలేదు. ఆగితే అదీ ఆగిపోతుందన్నట్టు వరసగా చరణాలు పాడుతూనే ఉన్నాడు. జవాబు కొంచెం కొంచెంగా ఇటు జరిగింది. క్లెమో చిన్న పడవకి గట్టు మీంచి తాడు కట్టుకుని, ఇద్దరిని ఎక్కించుకుని మంచులోకి పోయాడు. కాసేపటికి ఆ తాడు బిగిసింది, మేం లాగాం. మంచులోంచి నీలం ముక్కు బయటపడింది. ఒక పక్క పలక లోపలికి విరిగి ఉంది. కెర్రా నిలబడి తెడ్డు వేస్తోంది. అరచేతులు రక్తం.

మోకు విసిరింది. అది నా కాళ్ళ దగ్గర పడింది. గుంజకి చుట్టింది నేనే. చుట్టేదాకా ఎవరూ చప్పుడు చెయ్యలేదు. చుట్టాక కూడా ఎవరూ పాడలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో కెర్రా టీ కప్పు రెండు కట్ల చేతుల మధ్య పట్టుకుని కూచుంది. హెడ్లీకి గొంతు పూర్తిగా పోయింది, గుసగుసలాడుతున్నాడు. జరిగిందంతా అదే మెల్లిగా చెప్పింది. బుట్ట తాడు ఇంజను రెక్కకి చుట్టుకుందట. విప్పుకోవడానికి నీళ్ళలోకి దిగితే రేడియో తడిసింది. తెడ్డు వేసుకుంటూ వస్తుంటే మంచు కమ్మింది. అప్పటికి రేవు మొగకి దగ్గర్లోనే ఉందట.

"నాన్న గొంతు బాగా వినిపించింది. నేరుగా ఎదురుగా."

మరి రాలేదేం అని హెడ్లీ సైగ చేశాడు.

"కట్టుపాట పాడుతున్నావు. నేను బయటుండగా ఆ పాట పాడరు కదా. అయితే ఇది మన రేవు కాదు, షికారు పడవలో క్యాసెట్టు అనుకున్నాను. ఆ పడవ నన్ను గుద్దేస్తుందేమో అని తెడ్డు తిప్పి దూరంగా పోయాను."

దూరంగా అంటే తూర్పుకి. దువ్వెన మీదికి.

"తరవాత మళ్ళీ నాన్న గొంతు. అదీ క్యాసెట్టే అనుకున్నా మొదట, అందరూ జవాబిస్తున్నారు. కాసేపటికి ఒక్క గొంతే మిగిలింది. అడుగుతున్నాడు, జవాబు రావటం లేదు. క్యాసెట్టులో ఎప్పుడూ జవాబుంటుంది. అందుకని నేనిచ్చాను."

టీ కొంచెం తాగింది. కప్పులోకే చూస్తూ అడిగింది. "క్లెమో బాబాయి చెప్పింది నిజమేనా అమ్మా?"

"నిజమే. నేనే ఎత్తాను."

అది తిట్టి ఉంటే బావుండేది. కప్పు బల్ల మీద పెట్టి, "ఆ మంచులో నేను నమ్ముకుంది నాన్న గొంతుని కాదమ్మా," అంది. "నీ తువ్వాలుని." పడవ పలక ఎంత విరిగిందో చూసొస్తానని లేచి వెళ్ళింది.

పలక మార్చడానికి రెండు వారాలు పట్టింది. తరవాత పడవని పక్క రేవుకి తీసుకుపోయింది. అక్కడ పీతలు తూచేచోటే ఐసు దొరుకుతుందని చెప్పింది. మేం అవునవునన్నాం. అక్కడే ఒక గది తీసుకుంది. ఆదివారాలు వచ్చి భోంచేసి, నవ్వుతూ మాట్లాడి వెళ్ళేది. నా మీద కోపమున్నట్టు ఎవరూ అనలేరు. ఆ చలికాలం టీవీలో మా కార్యక్రమం వేశారు. మంచు ముక్క, నా ముక్క తీసేశారు. కట్టుపాట మాత్రం పూర్తిగా ఉంచారు. "ఏడూ వచ్చాయి" అని జనం అరుస్తుంటే వెనక గోడ మీద తెల్ల తువ్వాలు పైకెత్తి ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఇప్పటికీ ఎండాకాలంలో ఆ ముక్క వేస్తూనే ఉంటారు.

కెర్రా పడవ తీసుకుపోయిన వారమే, ఇక నేను లెక్కపెట్టనని హెడ్లీకి చెప్పాను. "ఇంకెవరు పెడతారు?" అన్నాడు, అంతే. మన రేవులో ఇప్పుడున్నవి ఆరే కదా, పాటలో ఆరు అనేద్దాం అని క్లెమో అంటే హెడ్లీ ఒప్పుకోలేదు. సెప్టెంబరు మొదటి శుక్రవారం ఆరు మోకులూ పడ్డాయి. ఎవరూ కదల్లేదు. నేనూ తువ్వాలెత్తలేదు. అలా నిలబడి ఉండగా గట్టు చివర ఫోను గూటిలో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఎవరిదో తప్పు నంబరు అనుకున్నాం, ఆ రోజు పాట లేకుండానే ఇళ్ళకి పోయాం. మర్నాడు సాయంత్రం అదే వేళకి మళ్ళీ ఒక్కసారి మోగింది. సోమవారం ఆ గూటి పక్కనే నిలబడ్డాను. మోగగానే ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కెర్రా మాట్లాడటానికి చెయ్యటం లేదు. పక్క రేవు గట్టు మీదా ఒక ఎర్ర గూడుంది, మోకు కట్టాక అక్కణ్ణించి ఒక్కసారి మోగిస్తోంది.

ఆ నెల చివరి శుక్రవారం మళ్ళీ మంచు దిగింది. ఊళ్ళ మీంచి వచ్చిన జనం అప్పటికి వెళ్ళిపోయారు. ఆరు మోకులూ అయిదున్నరకే పడ్డాయి. ఆరైంది. ఆరున్నరైంది. ఏడైంది. హెడ్లీ పెదాలు బిగించుకుని నాకేసి కాకుండా ఫోను గూటికేసి చూస్తున్నాడు. ఎవరూ కూచోలేదు. తువ్వాలు నా చేతిలో తడిసి ముద్దైంది, చెమటో మంచో తెలియదు. ఏడుంబావుకి ఫోను మోగింది, ఒక్కసారి. రెండోసారి మోగకుండా ఆగిందని రూఢి చేసుకున్నాక నేను గోడెక్కాను. చెయ్యెత్తాను.

"ఎన్ని పోయాయి?" అన్నాడు హెడ్లీ.